సాక్సఫోన్ ఆయనా, మా అమ్మమ్మ ఆవులూ

ఆయన పోయాడని శ్రేయ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను తడుముకోకుండా ఒక అబద్ధం ఆడాను.

"అంకుల్, మీకు ముందే తెలుసా?" అంది.

"పోయిన వారమే మాట్లాడుకున్నామమ్మా. గొంతు బాగా నీరసంగా ఉంది. నాకప్పుడే అనుమానం వచ్చింది" అన్నాను.

శ్రేయ ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. మా బెంటన్‌విల్ తెలుగువాళ్ళలో సగం మంది పనిచేసే ఆ పెద్ద కంపెనీలోనే వారమంతా ఉద్యోగం చేసి, శనివారాలు మాత్రం ఊరి లైబ్రరీలో రికార్డింగ్ గది చూసుకుంటుంది. "ఓకే అంకుల్" అని ఫోన్ పెట్టేసింది.

పోయిన వారం ఆయన ఫోన్ చేసిన మాట నిజమే. నేను ఎత్తలేదు. అంతకుముందు వారమూ ఎత్తలేదు. ఎనిమిది నెలలుగా ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటివాడో చెప్పాలి. పేరు మాత్రం రాయను. తన పేరు ఎవరికైనా గుర్తుంటుందా లేదా అని ఒక్కనాడు దిగులు పడని మనిషి ఆయన. ఆయన దిగులంతా ఇతరుల పేర్ల గురించే.

మా అపార్ట్‌మెంట్ల వెనక ఒక చర్చి ఉంది. ఆదివారం తప్ప దాని పార్కింగ్ లాట్ ఖాళీ. రోజూ పొద్దున్నే అందులో పది చుట్లు నడుస్తాను. (పది అని డాక్టరుకి చెబుతాను. ఆరు.) ఒకరోజు ఆ చివర పాత ఆకుపచ్చ వ్యాను ఒకటి ఆగి ఉంది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, లోపల ఆవిరి పట్టి ఉంది, అందులోంచి తల్లి కోసం దూడ అరుస్తున్నట్టు ఒక గొంతు. భయపడి అద్దం మీద తట్టాను. అద్దం కిందికి దిగింది. డెబ్భై దాటిన మనిషి. ఎర్రటి ముక్కు, చూరులా కళ్ళమీదికి వంగిన తెల్ల కనుబొమలు. చేతిలో అచ్చం మన సన్నాయిలాంటిది, కాకపోతే ఇత్తడిది, ఒళ్ళంతా మీటలు.

"క్షమించండి. మీ నిద్ర పాడుచేశానా?" అన్నాడు.

"నడుస్తూ నిద్రపోయే వయసు ఇంకా రాలేదు లెండి. ఏమిటది?"

"సాక్సఫోన్."

"సాక్సఫోన్ వంకరగా ఉండాలి కదా?"

"అది అక్క. ఇది చెల్లెలు" అన్నాడు.

ఇదంతా ఆయన ఇంగ్లీషులోనే అన్నాడు. నా జ్ఞాపకంలో మాత్రం తెలుగులోనే ఉండిపోయింది, అలాగే రాస్తున్నాను.

ఇంట్లో వాయిస్తే పక్కవాళ్ళు ఆఫీసుకి కంప్లైంట్ చేస్తున్నారట. అందుకని వ్యానే ఆయన సంగీతం గది. నాకు నోరు ఊరుకోదు. "నేనూ సంగీతం మనిషినే. బెజవాడలో పెద్ద పెద్ద పద్యనాటకాలకి హార్మోనియం వాయించాను" అన్నాను. నిజం చెప్పాలంటే, కాలేజీ నాటకానికి వాయించాల్సినవాడికి జ్వరమొస్తే నన్ను కూర్చోబెట్టారు. మొదటి అంకం కాగానే రాజు వేషం వేసినవాడు కిరీటంతో సహా వచ్చి, రెండు చేతులూ జోడించి, నన్ను లేవమని బతిమాలాడు. రెండో అంకం హార్మోనియం లేకుండానే నడిచింది. బాగా నడిచింది.

ఆయన మాత్రం కనుబొమలెత్తి, "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగాడు.

ఆ తర్వాత ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆయనది ఉత్తరాన మిన్నసోటా రాష్ట్రంలో పాడి ఆవుల కుటుంబం, నార్వే నుంచి వచ్చినవాళ్ళు. నలభై ఏళ్ళు ఊరూరా తిరిగి జాజ్ వాయించాడు. జాజ్ అంటే ఏమిటని అడిగితే, "నలుగురు కలిసి బయల్దేరి, నాలుగు దారుల్లో తప్పిపోయి, భోజనం వేళకి ఒకే ఇంటికి చేరడం" అన్నాడు. ముసలితనంలో మనసు తమ పల్లె పాటల మీదికి పోయింది. నార్వేలో పల్లె వాయిద్యగాళ్ళకి ఒక ఆచారం ఉందట. వాయించే ముందు ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదో ఆ మనిషి పేరు చెప్పాలి. పాటకి పేరు లేకపోయినా పరవాలేదు, నేర్పిన మనిషికి ఉండాలి. "పేరు చెప్పకుండా వాయించడం, బూట్లతో ఇంట్లోకి రావడం లాంటిది" అనేవాడు. అన్నట్టే, మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పకుండానే గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. లోపల ఉన్ని మేజోళ్ళు, వాళ్ళ అక్క అల్లినవి, ఒకటి ఎరుపు, ఒకటి బూడిద. మా ఆర్కన్సా ఎండల్లో కూడా అవే.

సాక్సఫోన్ మూతికి కట్టే పల్చటి రెల్లు ముక్కని రీడ్ అంటారు. అది తడిగా ఉండాలి. అందుకని ఎప్పుడూ ఒక రీడ్‌ని పెదవుల మధ్య పెట్టుకునే ఉండేవాడు, ఆరిపోయిన చుట్టని వదలలేని ముసలాళ్ళలా. దానితోనే మాట్లాడేవాడు. సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు. అన్నిటికీ తలూపేవాణ్ణి. బహుశా అందుకే నేను మంచి శ్రోతనని ఆయనకి నమ్మకం కుదిరింది. ఇంకొకటి, పాట ఆపాక వేలొకటి పైకెత్తి, "ఆగండి, ఇంకా అయిపోలేదు" అనేవాడు. నాకేమీ వినబడేది కాదు. ఆయనకి వినబడేది. వేలు దించాకే మనం ఊపిరి పీల్చుకోవాలి.

ఇక ఆవుల సంగతి.

ఊరు దాటి పది నిమిషాలు డ్రైవ్ చేస్తే ముళ్ళతీగ కంచెలూ, వాటి వెనక నల్ల ఆవులూ. ఒక పొద్దున నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. కంచె దగ్గర నిలబడి, టోపీ తీసి, "మా నాయనమ్మ నుంచి. ఆవిడకి వాళ్ళ మేనత్త నుంచి" అని ఆవులకి చెప్పి, వాయించాడు. వాళ్ళ నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎండాకాలమంతా కొండమీద పశువులతో ఒంటరిగా ఉండేదట. సాయంత్రం వాటిని గొంతెత్తి పిలిచేదట. ఆ పాట పిలుపులా మొదలై, బతిమాలుతున్నట్టు సాగి, కొండ అవతల నుంచి ఎవరైనా జవాబిస్తారేమోనని ఆగినట్టు ఆగింది. దూరంగా మేస్తున్న ఆవులు తలలెత్తి ఒక్కొక్కటే నడిచొచ్చాయి. కాసేపు చూసి మళ్ళీ వెనక్కి తిరిగాయి.

"నాకు ఊహ తెలిసేసరికే ఆవిడ పోయింది. ఒక టేపు మిగిలింది" అన్నాడు. "టేపు ఎన్నిసార్లయినా ఒకేలా పాడుతుంది. తప్పు పాడితే కసరదు." నా వైపు తిరిగి అడిగాడు. "మీ వైపు ఆవుల్ని ఎలా పిలుస్తారు?"

నేను పుట్టి పెరిగింది బెజవాడ రైల్వే క్వార్టర్లలో. నేను దగ్గరగా చూసిన ఒకే ఒక్క ఆవు, గేటు దగ్గర గోడమీది సినిమా పోస్టర్లు పీక్కుని తినేది. మా అమ్మమ్మ పేరు నరసమ్మ, అంతవరకు నిజం. నేను పుట్టకముందే పోయింది. ఆవిడకి ఆవులుండేవో లేదో నాకు తెలియదు.

"మా అమ్మమ్మ నరసమ్మకి నలభై ఆవులు" అన్నాను. "ఆవిడ పిలిస్తే కృష్ణకి అవతలి ఒడ్డున ఉన్న ఆవులు కూడా తలెత్తేవి."

"ఆవిడే నేర్పిందా? పక్కన కూర్చోబెట్టుకుని?"

"ఒళ్ళో కూర్చోబెట్టుకుని."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇక పాడక తప్పదు. "ఓ... లచ్చీ... ఓహో గౌరీ... పొద్దువాలె రావే" అని ఎత్తుకున్నాను. అందులో కొంత మా క్వార్టర్ల ముందు ఇడ్లీలమ్ముకునే ఆవిడ కేక, కొంత ప్లాట్‌ఫారం మీద రైలు రాకపోకలు చదివే గొంతు, మిగిలింది నా భయం. ఆశ్చర్యం, వెళ్ళిపోతున్న ఆవులన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో వచ్చి కంచె పొడుగునా బారులు తీరాయి!

నేను ఆయన వెనక్కి చూశాను. రోడ్డు మీద ఒక ఎర్ర పికప్ ట్రక్కు వస్తోంది. దాని నిండా ఎండుగడ్డి మోపులు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు, వేలు పైకెత్తే ఉంది. ఆయన కళ్ళు తెరిచేసరికి ట్రక్కు మలుపు తిరిగి పైనున్న గేటు వైపు వెళ్ళిపోయింది. ఆవులూ కంచె వెంబడి అటే కదిలాయి.

"చూశారా, మీరు ఆపగానే వెళ్ళిపోతున్నాయి" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను తలూపాను.

మర్నాటి నుంచి ఆయన రోజూ తొమ్మిదింటికి మా తలుపు తట్టేవాడు, పిలుపు నేర్చుకోవడానికి. ముందురోజు ఏం పాడానో నాకు గుర్తుండేది కాదు. రోజుకో రకంగా పాడేవాణ్ణి. "అసలైన పల్లె పాట ఇలాగే ఉంటుంది, రెండుసార్లు ఒకేలా పాడరు" అని మురిసిపోయేవాడు.

పాఠం కాగానే ఉప్మా. మొదటి రోజు తిని, అడగాల్సిన ప్రశ్న అడిగాడు. ఉప్మా మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. జబ్బు ముదిరాక ఆవిడ సోఫాలో పడుకుని చెబుతుంటే నేను స్టవ్ దగ్గర నిలబడి చేసేవాణ్ణి. ఈ మాట మాత్రం ఎటు తిప్పి చూసినా నిజమే. ఆమె పేరడిగాడు. చెప్పాను. ఆ రోజు నుంచి చెంచా ఎత్తే ముందు, "సావిత్రి నుంచి" అని చెప్పి తినేవాడు. ఆమె పోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లలు లేరు మాకు. ఆరేళ్ళలో మా ఇంట్లో ఆ పేరు బయటికి పలికిన గొంతు లేదు, నాది కూడా. నా తలుపు తట్టేది డెలివరీ కుర్రాళ్ళే, వాళ్ళూ తట్టి పారిపోయేవాళ్ళు. ఇప్పుడు రోజూ పొద్దున ఒక మనిషి బూట్లు విప్పి లోపలికొచ్చి, నా భార్య పేరు చెప్పి, కంచం ఖాళీ చేసి, తనే కడిగి బోర్లిస్తున్నాడు. నరసమ్మకి ఆవుల్లేవని చెప్పేస్తే ఇదంతా ఆగిపోతుంది. నేను చెప్పలేదు.

శనివారాలు లైబ్రరీ గదిలో ఆయన ఆల్బమ్ రికార్డింగ్. తొమ్మిది పాటలు. పక్క ఊరి నుంచి బేస్ అనే మంద్రస్వరాల తీగ వాయిద్యం వాయించే ఆయనా, ఒక డ్రమ్మర్ అమ్మాయీ వచ్చేవాళ్ళు. నార్వే కొండ పిలుపుల కింద ఆ బేస్ నెమ్మదిగా నడుస్తుంటే, మంచులో ఎవరో ఒక్కరే ఇంటికి పోతున్నట్టుండేది. ఏడోది నా పాట. గాజు తలుపుకి ఇవతల, మీటల ముందు శ్రేయ. ఆమె పక్కన నేను, సలహాదారు హోదాలో. (నాకు కుర్చీ ఇచ్చారు. సలహా ఎవరూ అడగలేదు.)

"అంకుల్, ఒక క్వశ్చన్. నరసమ్మగారిది ఏ విలేజ్?" అంది శ్రేయ ఒకరోజు.

"కృష్ణ ఒడ్డునమ్మా, బెజవాడ దగ్గర. ఎందుకు?"

"మా అమ్మమ్మది కూడా అక్కడే. వీడియో కాల్‌లో ఈ పాట ప్లే చేశాను. ఆమె ఫుల్‌గా నవ్వింది. ఆవులకి పాట ఎవరు పాడతారే, హేయ్ అని కర్ర చూపిస్తాం అంది."

"మీ అమ్మమ్మ వాళ్ళవి గేదెలై ఉంటాయి."

"నో, ఆవులు. నేను అడిగాను."

"అయితే బుద్ధిమంతులైన ఆవులు. మావి పాట లేనిదే అడుగు వేసేవి కావు."

ఆ పిల్ల నవ్వలేదు. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది. "అంకుల్, ఆయన బుక్‌లెట్‌లో నేమ్స్ ప్రింట్ చేస్తున్నారు. ఆ నేమ్స్ ఆయనకి, లైక్, దేవుడి రూమ్. నేను ఏం చెప్పను. అది మీరే చెప్పాలి."

ఆల్బమ్‌తో పాటు ఇచ్చే ఆ బుక్‌లెట్ అచ్చుకి వెళ్ళే ముందురోజు పొద్దున నేను పార్కింగ్ లాట్‌కి వెళ్ళి, ఆయన పక్క సీట్లో కూర్చుని, అంతా చెప్పేశాను. అమ్మమ్మని చూడలేదనీ, ఆవులు వచ్చింది గడ్డి కోసమనీ. ఆయన నోట్లోంచి రీడ్ తీసి, "గడ్డి ట్రక్కా!" అని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, నా భుజం తట్టాడు.

ఇలా జరిగిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, మీకూ చెప్పేశాను. జరగలేదు. వెళ్ళిన మాట నిజం, అద్దం తట్టిన మాట నిజం. అద్దం దించి ఆయన నాకొక కాగితం అందించాడు. వరసగా తొమ్మిది పాటలకీ నేర్పినవాళ్ళ పేర్లు, వాటి మధ్య తెలుగు అక్షరాల్లో నరసమ్మ. "సరిగ్గా ఉందో లేదో చూడండి. రేపటికి అచ్చు" అన్నాడు. చూశాను. "మకి ఒత్తు సరిగ్గా పడలేదు" అని చెప్పి, ఆయన పెన్ను తీసుకుని, దిద్ది ఇచ్చాను.

ఆల్బమ్ వచ్చిన రోజు లైబ్రరీలో కచేరీ. హాలు కిటకిటలాడింది. అంటే, తొమ్మిదిమంది. అందులో ఇద్దరు వాన ఆగేదాకా కూర్చున్నారు. ఏడో పాటకి ముందు ఆయన టోపీ తీసి, "నరసమ్మ నుంచి. ఇక్కడే ఉన్న ఆమె మనవడి ద్వారా" అని నన్ను చూపించాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను. సిగ్గుపడుతూ పెట్టానని రాద్దామనుకున్నాను. లేదు, బాగానే పెట్టాను.

ఆ తర్వాత ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. పాట మధ్యలో ఆగిపోయేవాడు, వేలు మాత్రం పైకెత్తేవాడు. చివరికి వాళ్ళ అక్క వచ్చి మిన్నసోటా తీసుకెళ్ళింది. వెళ్ళాక వారానికోసారి ఫోన్. "మా అక్క ఆవులకి రెండు పిలుపులూ వాయించి చూశాను. మా నాయనమ్మదానికన్నా మీ అమ్మమ్మదానికే ముందు వస్తున్నాయి" అన్నాడు. ఇంకోసారి, "ఇక్కడి రేడియోవాళ్ళు ఈ పాట గురించి మీతో మాట్లాడతారట. నరసమ్మగారి ఫోటో ఏదైనా ఉందా?" అన్నాడు.

వెతికి చెబుతానన్నాను. ఆ తర్వాత ఇక ఫోన్ ఎత్తలేదు.

మొదట్లో ఆయన వదిలే వాయిస్ మెసేజీలు రేడియో గురించే. తర్వాత వాటిలో రేడియో లేదు. "ఏం లేదు, ఊరికే చేశాను" అనేవాడు. "ఆవాలు ముందా, మిరపకాయలు ముందా? మా అక్క మాడ్చేసింది" అన్నాడు ఒకసారి. నేను సోఫాలో కూర్చుని, ఫోన్ మోగి మోగి ఆగేదాకా దాన్ని చూస్తూ ఉండేవాణ్ణి. ఆయన రావడం మానేస్తాడని భయపడి నిజం దాచాను. దాచింది బయటపడుతుందని భయపడి ఆయన్ని నేనే మానేశాను. నా తెలివి అలాంటిది.

రెండ్రోజుల తర్వాత శ్రేయ మళ్ళీ చేసింది. "అంకుల్, వాళ్ళ సిస్టర్ మీకు కాల్ చేస్తారు. ప్లీజ్, పికప్ చేయండి" అంది. పెట్టేసే ముందు, "ఆయన నన్ను అడిగేవారు, మీకు హెల్త్ బాగుందా అని. బాగుంది అని చెప్పేదాన్ని" అంది.

వాళ్ళ అక్కకి ఎనభై దాటి ఉంటాయి. ఇసకలో పార దించినట్టుండే గొంతు. ఎక్కడో వెనక పాలు పితికే యంత్రం చప్పుడు.

"ఆదివారం చర్చిలో వాడి తొమ్మిది పాటలూ వాయిస్తున్నారు. పేర్లు నేను చదువుతాను. మీ అమ్మమ్మ పేరు పలకడం నాకు నేర్పండి" అంది. "మిగిలినవన్నీ టేపుల్లోంచి తీసుకున్నవే. ఎదురుగా కూర్చుని మనిషి నోటి నుంచి నేర్చుకున్నది ఇదొక్కటేనని గొప్పగా చెప్పుకునేవాడు."

"అది మా అమ్మమ్మది కాదండీ" అన్నాను.

"మరి ఎవరిది?"

అమ్మమ్మ చెల్లెలిదనే కొత్త కథ ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమెకి అప్పటికే పేరు కూడా పెట్టేశాను.

"నాదే" అన్నాను. "ఆ కంచె దగ్గర నిలబడి అప్పటికప్పుడు కట్టాను. నాకెవరూ నేర్పలేదు. మా అమ్మమ్మని నేను చూడనేలేదు."



"వాడికి తెలుసా?"

"చెప్పలేదు."

"ఎందుకు?"

"చెబితే రావడం మానేస్తారని."

"మానేసేవాడు" అంది ఆవిడ. "రెండు రోజులు. చిన్నప్పుడు నేను వాడి బొమ్మ ట్రాక్టర్ విరగ్గొడితే రెండు రోజులు మాట్లాడలేదు. పెళ్ళాం వదిలేసి పోయినప్పుడూ రెండు రోజులే తలుపేసుకున్నాడు. వాడి కోపానికి అంతకన్నా ఓపిక లేదు. మూడోరోజు పొద్దున మీ ఇంటికి తిండికి వచ్చేవాడు."

 ఆవిడే మళ్ళీ, "అయితే ఎవరి పేరు చదవను? పేరు లేకుండా వాయించరు" అంది.

నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం. ఈ ఊళ్ళో పిల్లలకి నేను అంకుల్‌ని, డాక్టరు ఆఫీసులో ఇంటిపేరులో సగం ముక్కని. ఆవిడ రాసుకుని చదివింది, తప్పు చదివింది. దిద్దాను. మళ్ళీ చదివింది.

ఆదివారం ఆవిడ ఫోన్ కలిపి, ముందు బెంచీ మీద పెట్టింది. దగ్గులు, కాగితాల చప్పుడు, ఎవరో పసిపిల్ల. ఒక్కో పేరూ చదవడం, ఒక్కో పాటా వాయించడం. వాయించేదెవరో తెలియదు, ఆయనలా మాత్రం లేదు. ఆరు పాటలైనాక నా పేరు చదివింది. ఒక అక్షరం జారింది. అంతవరకు చదివిన వాళ్ళందరూ ఎప్పుడో పోయినవాళ్ళు.

"ఆ మనిషి వచ్చాడా?" అని ఎవరో అడగడం వినిపించింది.

"లేదు" అంది ఆవిడ. "చాలా దూరంలో ఉన్నాడు."

పాట మొదలైంది.